మహాతల్లి గుడ్లు

ఉడుంపట్టు అన్న పేరు అతనికి ఉడుములను సాకడం వల్ల వచ్చిందని కొత్తవాళ్లు అనుకుంటారు. అది సగమే నిజం. జూలో పాములూ తాబేళ్లూ ఉడుములూ ఉండే విభాగానికి అతనే కాపరి కాబట్టి పేరు అతికినట్టు సరిపోయింది గానీ, అసలు కారణం అతని కోపం. ఒక మాట మనసులో పట్టుకున్నాడంటే ఇక వదలడు. ఎప్పుడో ఏనుగుల కాపరి తన గొడుగు అడక్కుండా తీసుకెళ్లి ఊచలు విరగ్గొట్టి తెచ్చాడని, ఏళ్ల తరబడి ఆ మనిషితో మాటలు మానేసిన ఘనుడు. పాపం ఆయన కొత్త గొడుగు కొనిచ్చినా మాట్లాడలేదు. గొడుగు మాత్రం వాడుకున్నాడు.

కోపం సంగతి పక్కన పెడితే మనిషి మంచివాడే, పనిమంతుడు కూడా. కాకపోతే అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడడు. ఏదైనా అడిగితే, "తెలిసిందే కదా, చెప్పేదేముంది" అంటాడు. అది అతని ఊతపదం. తర్వాత జరిగిన నష్టమంతా ఆ ఊతపదంలోనే ఉందని అతనికి అప్పట్లో తెలియదు. తెలిసేసరికి చేతులు కాలిపోయి ఉన్నాయి.

అతని దగ్గరున్న వాటన్నిటిలో పెద్దది మహాతల్లి. పొలం గట్ల మీద కనిపించి చటుక్కున పొదల్లోకి దూరే ఉడుము లాంటిది కాదు. నిలువెత్తు మనిషి కన్నా పొడవు, అందులో సగం తోక. ఒంటి మీది తోలు కింద చిన్న చిన్న ఎముక పలకలు ఇనుప చొక్కాలా అల్లుకుని ఉంటాయి. పొద్దున్నే బండ మీదికొచ్చి, ఒళ్లు వెచ్చబడేదాకా కదలదు. ఒకసారి కడుపునిండా తిన్నదంటే వారాల తరబడి దుంగలా పడి ఉంటుంది. దాని కళ్లకన్నా నాలుక గట్టిది. ఆ చీలిన నాలుకను బయటికి చాచి గాలిని రుచి చూసిందంటే, తలుపు బయట ఎవరున్నారో, పొద్దున్న ఏం తిని వచ్చారో దానికి తెలిసిపోతుంది. ఉడుంపట్టు ఒకసారి కొత్త బూట్లు వేసుకొస్తే వాటిని వాసన చూసి, వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్లిపోయింది. అతను ఇంటికి మనిషిని పంపించి పాత బూట్లు తెప్పించుకున్నాడు.

పేరు మాత్రం వెటకారంగా పెట్టిందే. జూ నడిపే పెద్దసారు చుట్టాలెవరో వచ్చి అద్దం మీద టకటకా కొడితే, బెదిరిపోయి, అంతకు ముందు మింగిన మేక కాలును డెక్కతో సహా వాళ్ల ముందే కక్కేసి పరిగెత్తింది. కడుపు బరువుగా ఉంటే పరిగెత్తలేవు కాబట్టి ఇలాంటి ఉడుములు చేసే పనే అది. ఆ చుట్టాలు మళ్లీ రాలేదు. పెద్దసారు మొహం తుడుచుకుంటూ, "మా మహాతల్లీ!" అన్నాడు. అంతే, అదే పేరైపోయింది.

ఇక అక్క. జూలో ఆవిడను గుడ్లక్క అంటారు. పక్షుల విభాగంలో గుడ్లు పొదిగించే గది ఆవిడదే. తల్లి వదిలేసిన గుడ్డు, కొంగ గుడ్డయినా నెమలి గుడ్డయినా, ఆవిడ చేతిలో పడిందంటే పిల్లై లేవాల్సిందే. హస్తవాసి అలాంటిది. ఎక్కడెక్కడి జూలవాళ్లో ఫోన్లు చేసి సలహాలు అడుగుతుంటారు. ఉడుంపట్టుకు ఆవిడ సొంత అక్క. అమ్మ చిన్నప్పుడే పోతే అతన్ని పెంచి పెద్ద చేసిందీ, ఇదే జూలో పనికి పెట్టించిందీ ఆవిడే. జూ మొత్తంలో అతను ఎప్పుడూ అలగని మనిషి ఎవరైనా ఉంటే అది అక్క ఒక్కతే.

చిన్నతనంలో బడి అయిపోగానే అతను అక్క గదిలోకి చేరేవాడు. వెచ్చటి గది, ఈకల వాసన, మూలమూలనా కిచకిచలు. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని అక్క అతని చేతికి పెన్సిల్ ఇచ్చేది. ప్రతి గుడ్డుకూ ఒక పక్క ఇంటూ గుర్తు, రెండో పక్క సున్నా. పొద్దున ఇంటూలు పైకి, మధ్యాహ్నం సున్నాలు పైకి. అలా తిప్పుతూ ఉండాలి. పక్షి గుడ్డును కదపకుండా వదిలేస్తే లోపలి పిల్ల పెంకుకు అతుక్కుపోయి చచ్చిపోతుంది. అందుకే తల్లి పక్షి ముక్కుతో గుడ్లను పొర్లిస్తూ ఉంటుంది. "అది ముక్కుతో చేసే పని నేను చేత్తో చేస్తున్నా, అంతే" అనేది అక్క. గుర్తు పెట్టేది కూడా ఏ గుడ్డూ మరిచిపోకుండా ఉండటానికే.

మహాతల్లి ముసలిదవుతున్న కాలంలో, వేరే జూ నుంచి ఒక మగ ఉడుమును కొన్నాళ్లకని తెచ్చారు. ఇక ఇదే ఆఖరి అవకాశం, మళ్లీ గుడ్లు పెట్టే వయసు దానికి ఉండదని డాక్టరమ్మ చెప్పింది. డాక్టరమ్మ అంటే జూలోని జంతువులన్నిటికీ వైద్యం చేసే ఆవిడ. మొదట్లో ఆ రెండూ కరుచుకుని చస్తాయేమోనని ఉడుంపట్టు చీపురు కర్రతో తలుపు దగ్గరే కాపలా కాశాడు. మగది మెల్లగా దగ్గరికొచ్చి, నాలుకతో దాని ఒళ్లంతా తడిమి, గడ్డం దాని వీపుకు రుద్ది, ఎంతో మర్యాదగా నడుచుకుంది. "మనుషుల్లో కూడా ఇంత పద్ధతి చూడలేదు" అన్నాడు ఇంటికెళ్లి పెళ్లాంతో. "మీకెలా తెలుస్తుందిలెండి" అందావిడ.

మగది వచ్చిన దారినే వెళ్లిపోయింది. మహాతల్లి పొట్ట బరువెక్కింది, తిండి మానేసింది, నేల తవ్వడం మొదలుపెట్టింది. ఒక చోట కాదు, ఆవరణంతా గుంతలే. ఇలాంటి ఉడుములు గుడ్లు ఒక గుంతలో పెట్టి, దొంగల కళ్లు కప్పడానికి చుట్టూ ఉత్త గుంతలు తవ్వుతాయి. గుడ్లు పెట్టాక కొన్నాళ్లు అక్కడే కాపలా కూడా ఉంటాయి. కానీ పిల్లలు బయటికి వచ్చే వేళకు ఆ తల్లికి అవి తన పిల్లలన్న ఎరుక ఉండదు, కనబడితే తినేస్తుంది. అందుకే గుడ్లు తీసి పెట్టెలో పెట్టి కాపాడాలనుకున్నారు.

ఆ రోజు మహాతల్లిని మాంసం చూపించి లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు. మట్టిలో బోర్లా పడుకుని, ఒక్కో గుంతలో చెయ్యి పెట్టి వెతికాడు. దొంగ గుంతలన్నీ అయిపోయాక అసలుది దొరికింది. మెత్తటి తోలు పెంకుతో, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, బుట్టెడు గుడ్లు.

పాకే జంతువుల గుడ్లతో ఒక పెద్ద చిక్కుంది. వాటిని తిప్పకూడదు. గుడ్డు పడ్డ కొద్ది గంటల్లోనే లోపలి పిల్ల పైకప్పుకు అతుక్కుంటుంది, అక్కడే వేలాడుతూ పెరుగుతుంది. తలకిందులు చేస్తే చచ్చిపోతుంది. అందుకే ఉన్నది ఉన్నట్టుగా పైకెత్తి, పైభాగం ఏదో మరిచిపోకుండా ఒక గుర్తు పెట్టి, అలాగే పెట్టెలోకి దించాలి. గుర్తు అంటే మిగతా చోట్ల చుక్క పెడతారో గీత గీస్తారో గానీ, ఉడుంపట్టు చెయ్యి అలవాటుగా ఇంటూ గీసింది. గుడ్డు మీద పెన్సిల్ పెడితే ఆ చేతికి వచ్చింది అదొక్కటే.

తేమ పీల్చుకునే మెత్తటి పొడి నింపిన పెట్టెలో, అన్నీ ఇంటూలు పైకి వచ్చేలా పేర్చాడు. గుడ్లగది ఉన్నది అక్క దగ్గరే కాబట్టి పెట్టెను తన చేతుల మీదే మోసుకెళ్లి అక్కడ దించాడు. అందులో ఒక గుడ్డుకు సొట్ట పడి ఉంది. అప్పుడు అక్క గదిలో లేదు, నీళ్లకు వెళ్లింది. పెట్టె సంగతి వచ్చాక చెబుదాంలే, ముందు తవ్విన గుంత పూడ్చాలి అనుకుని తిరిగి వెళ్లాడు. అక్కడే తప్పు చేశాడు. గుంత పూడ్చి, తలుపెత్తి, మహాతల్లిని బయటికి వదిలి, పార అక్కడే మరిచిపోయానని వంగి చెయ్యి చాచాడు. చేతులు కడుక్కోలేదు. మహాతల్లి నాలుక ఒకసారి బయటికొచ్చి లోపలికి వెళ్లింది. ఆ చేతి నిండా దాని గుడ్ల వాసన.

కరిచి వెంటనే వదిలేసింది. కానీ నెత్తురు ఆగలేదు. ఈ జాతి నోట్లో ఒక రకం విషం ఉంటుంది. పాము విషంలా మనిషిని పడగొట్టదు గానీ నెత్తురును గడ్డకట్టనివ్వదు. అరుపు విని అక్క పరిగెత్తుకొచ్చింది. తుండు చుట్టి, అతని మణికట్టును రెండు చేతులా బిగించి పట్టుకుని, జూ వ్యాను దాకా అలాగే నడిపించింది. అతని మొహం పాలిపోయింది.

"అక్కా, గుడ్లు... పెట్టె నీ గదిలో పెట్టాను."

"చూస్తాలేరా. నువ్వు ముందు పడుకో."

"నీ గుడ్లను ఎలా చూసుకుంటావో వీటినీ అలాగే చూసుకో అక్కా."

"అలాగే నాన్నా. నేనున్నాగా."

వ్యాను తలుపు పడింది. ఇంకొక్క మాట, తిప్పకు అన్న ఒకే ఒక్క మాట, అతని నోటి నుంచి రాలేదు. నొప్పి వల్లో, తొందర వల్లో అనుకుంటే కొంత ఓదార్పు. కానీ అసలు ఆ మాట చెప్పాలన్న ఆలోచనే అతనికి రాలేదు.

ఆసుపత్రిలో నెల దాటిపోయింది. గాయం చీము పట్టింది, వేళ్ల నరాలు తెగితే కోసి కుట్టారు. పెళ్లాం పక్కనే ఉండి అన్నం కలిపి పెట్టేది.

"వదినకు అన్నీ సరిగ్గా చెప్పారా?" అని ఒకరోజు అడిగింది.

"చెప్పాను. నీ గుడ్లలాగే చూసుకోమన్నాను."

"అంతేనా?"

"ఇంకేం చెప్పాలి? అక్కకు గుడ్ల సంగతి నేను చెప్పాలా?"

అక్క ఫోన్ చేస్తే ఆ మాటా ఈ మాటా అయ్యాక, "ఎలా ఉన్నాయి?" అని అడిగేవాడు. "నిక్షేపంలా ఉన్నాయి. పూట తప్పకుండా చూస్తున్నా. నువ్వు చెప్పినట్టే" అనేది అక్క. అతను హాయిగా కళ్లు మూసుకునేవాడు. డాక్టరమ్మ అయినా కనిపెట్టి ఉండేది గానీ, అప్పుడే జింకలకు గాలికుంటు జబ్బు సోకి ఆవిడకు తిండీ నిద్రా లేవు. రోజుకోసారి గుడ్లగది అద్దంలోంచి వేడి ఎంతుందో చూసేది, పెట్టె పక్కన గుడ్లక్క కూర్చుని ఉండటం చూసి నిశ్చింతగా వెళ్లిపోయేది. గుడ్ల గురించి గుడ్లక్కకు ఎవరు చెబుతారు!

చేతికి కట్టుతోనే అతను నేరుగా గుడ్లగదికి వచ్చాడు. అక్క మొహం వెలిగిపోయింది. కుర్చీ వేసింది, అతను కూర్చోలేదు. పెట్టె మూత తీశాడు.

అన్నీ సున్నాలు.

కాసేపు అతనికి ఏం చూస్తున్నాడో అర్థం కాలేదు. అక్క వెనక నుంచి, "మధ్యాహ్నం కదా, సున్నాలు పైకి ఉన్నాయి. నువ్వు ఇంటూలు పెట్టి వదిలేశావు, సున్నాలు నేనే పెట్టుకున్నా. ఒక్క పూట కూడా తప్పలేదు తెలుసా! మొన్న జ్వరమొచ్చినా వచ్చి తిప్పి వెళ్లాను" అంది.

ఆ తర్వాత వచ్చింది కోపం. అంత కోపం అతనికి గొడుగు విషయంలో కూడా రాలేదు.

"చంపేశావు కదక్కా! నీ చేతులతో నువ్వే అన్నిటినీ చంపేశావు!"

"ఏంట్రా?"

"ఇవేమైనా కోడిగుడ్లనుకున్నావా? వీటిని తిప్పకూడదు. తిప్పితే లోపల ఊపిరాడక చస్తాయి. పాకే వాటి గుడ్లు తిప్పకూడదని మా విభాగంలో చీపురు పట్టేవాడికి కూడా తెలుసు. ఇన్నేళ్లు ఏం నేర్చుకున్నావు?"

అక్క పెట్టె వైపు చూసింది. తర్వాత తన చేతుల వైపు చూసుకుంది. "మరి నువ్వు..." అని ఏదో అనబోయి మింగేసింది. ఆ మింగిన మాటేమిటో అతనికి తెలుసు. తెలిసీ ఇంకో రెండు మాటలు అని, పెట్టెను, దానికి వేడినిచ్చే దీపంతో సహా, తన విభాగానికి మోయించుకుపోయాడు. చిన్నప్పటి నుంచి తనను అన్నం పెట్టి పెంచిన మనిషిని పక్షుల కాపర్ల ముందు అలా అనేశాడు. ఎవరో నీళ్లిస్తే అక్క తాగలేదట.

పెట్టెలో గుడ్లను ఇంటూలు పైకి వచ్చేలా పెట్టాలా, ఉన్నవి ఉన్నట్టు వదలాలా అన్నది కూడా తేల్చుకోలేకపోయాడు. ఏది చేసినా ఒకటేనంది డాక్టరమ్మ. వారం తిరక్కుండా గుడ్లు ఒక్కొక్కటే రంగు మారడం మొదలైంది. బూజు పట్టాయి, కుంగిపోయాయి. డాక్టరమ్మ ఒకటి కోసి చూపించింది. వేలెడంత పిల్ల, కళ్లు ఏర్పడ్డాయి, కాళ్లు ఏర్పడ్డాయి, తోక చుట్ట చుట్టుకుని ఉంది. అతను రెండోది చూడలేదు.

పెద్దసారు ఇద్దరినీ గదికి పిలిపించాడు. మగ ఉడుమును అరువిచ్చినవాళ్లు ఏమైందని అడుగుతున్నారు మరి. పెద్దసారు గుడ్లక్కను ఎప్పుడూ మన్ననగానే చూస్తాడు, ఆ రోజూ కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు.

"తిప్పమని మీకు ఎవరైనా చెప్పారా?"

ఉడుంపట్టు పక్కనే ఉన్నాడు. ఒక్క మాట చాలు. నేనే సార్, నీ గుడ్లలా చూసుకోమని నేనే చెప్పాను. నోటి దాకా వచ్చింది. కానీ ఆ మాట అనేస్తే తప్పు తనదవుతుంది. ఇన్నాళ్లూ పట్టుకుని తిరుగుతున్న కోపాన్ని ఇక తన మీదే పెట్టుకోవాలి. అది అతనికి అలవాటు లేని పని.

"ఎవరూ చెప్పలేదు సార్" అంది అక్క. "నా అతి తెలివి."

అతను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. అక్క అతని వైపు చూడలేదు, చూస్తే ఏమయ్యేదో. తర్వాతి జీవితంలో అతను ఎన్నిసార్లు ఆ గదిలోకి వెళ్లినా, ఆ కుర్చీ పక్కన నిలబడినప్పుడల్లా చెమట పట్టేది.

పెద్దసారు ఏ శిక్షా వేయలేదు. పొరపాటన్నాడు, వెళ్లి పని చూసుకోమన్నాడు. శిక్ష అక్కే వేసుకుంది. "నా చెయ్యి చెడిపోయింది సార్. నన్ను టికెట్ల కిటికీ దగ్గర వెయ్యండి" అని అడిగింది. ఎంతమంది చెప్పినా వినలేదు. ఆవిడ లేని గుడ్లగదిలో వేరేవాళ్లు పొద్దునా మధ్యాహ్నం గుడ్లు తిప్పారు. పిల్లలు లేచాయి, కాకపోతే అన్నీ లేవలేదు.

అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు మాట్లాడుకోకపోవడం లోకంలో లేనిదేం కాదు. కానీ జూ గేటు ఒక్కటే. రోజూ ఆ కిటికీ ముందు నుంచే అతను లోపలికి వెళ్లాలి. తల వంచుకుని వెళ్లేవాడు. మొదట కోపంతో వంచుకున్న తల, ఎప్పుడు సిగ్గుతో వంగడం మొదలైందో అతనికే తెలియదు.

పెళ్లాం మాత్రం వదిన ఇంటికి వెళ్లొస్తూ ఉండేది. "వదిన ఇంట్లో గుడ్డు కూడా కొట్టడం లేదండీ. నన్నే కొట్టి పొయ్యి మీద వెయ్యమంటోంది" అంది ఒకరోజు. అతను పేపరు చదువుతున్నట్టు నటించాడు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

"మీ మహాతల్లే నయం. కరిచి వదిలేసింది. మీరు వదలరు. నీ గుడ్లలా చూసుకోమన్నానని ఆసుపత్రిలో నాతో గొప్పగా చెప్పారే, ఆ మాట పెద్దసారుకు చెప్పారా? నోరు పెగల్లేదా?"

అతను పేపరు మడిచి బయటికి వెళ్లిపోయాడు. వెళ్లడానికి చోటేదీ లేక జూకే వెళ్లి, తాళం తీసి, పెట్టె ముందు కూర్చున్నాడు.

పెట్టెలో ఒకే ఒక్క గుడ్డు మిగిలి ఉంది. సొట్ట పడ్డ గుడ్డు. అతను మూత తీసిన రోజు సున్నాల మధ్య, మూలన, సగం పొడిలో కూరుకుపోయి ఒక్కటే ఇంటూ ఉంది, ఆ కోపంలో అతని కంట పడలేదు. అక్క దాన్ని చెడిపోయిన గుడ్డు అనుకుంది. పక్షి గుడ్డుకు సొట్ట పడితే ఇక దానికి నూకలు చెల్లినట్టే. పారెయ్యడానికి మనసొప్పక, తమ్ముడొచ్చాక చూసుకుంటాడులే అని మూలకు నెట్టి వదిలేసింది. ఆ తర్వాత ముట్టుకోలేదు. తోలు పెంకున్న గుడ్లకు సొట్ట పడితే చావు కాదు, దాహం. అతను చుట్టూ పొడిని తడిపాడు. సొట్ట మెల్లమెల్లగా పూడింది. గుడ్డు గుండ్రంగా తేరుకుంది. అతను ఆనందించలేకపోయాడు. అది బతికే కొద్దీ, మిగతావి ఎందుకు చచ్చాయో మరింత స్పష్టంగా తెలిసిపోతోంది మరి. అవి మొదటి నుంచీ పిల్ల లేని ఖాళీ గుడ్లేమో అని అక్కకు చెప్పగలిగే ఆ చిన్న అబద్ధానికి కూడా ఇక చోటు లేదు.

నెలలు గడిచాక ఒక పొద్దున గుడ్డు మీద సన్నటి చీలిక కనిపించింది. ముక్కు కొసన ఉండే చిన్న పంటితో పిల్ల లోపలి నుంచి కోసింది. తల బయటపెట్టి, అలసిపోయి, అక్కడే ఆగి లోకాన్ని చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. మర్నాటికి పూర్తిగా బయటికొచ్చింది. తల్లి పోలికే లేదు. నల్లటి ఒంటి మీద పసుప్పచ్చ మచ్చలు, ఆకుపచ్చ చారలు, మెరుపు. పొడి దులుపుకుంటూనే పెట్టెలో పెట్టిన కొమ్మెక్కి చివరన కూర్చుంది. ఈ జాతి పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నేల మీదుంటే పెద్ద ఉడుములు, కన్నతల్లితో సహా, తినేస్తాయని పుట్టుకతోనే తెలుసు.

అతను చేతులు కడుక్కున్నాడు. ఈసారి మరిచిపోలేదు. టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్లాడు. జనం వరుసలో ఉన్నారు. పక్కనున్న తలుపు తట్టి లోపలికి వెళ్లొచ్చు గానీ, ధైర్యం చాలక తనూ వరుసలో నిలబడ్డాడు. అతని వంతు వచ్చింది. అక్క తల ఎత్తలేదు.

"ఎంతమంది?"

"ఒక్కటే అక్కా. బయటికొచ్చింది."

అక్క చెయ్యి టికెట్ల కట్ట మీద ఆగిపోయింది. మెల్లగా తలెత్తింది. కళ్లలో ఒక్క క్షణం ఆ పాత వెలుగు కనిపించింది.

"ఏది?"

"మూలనున్నది. సొట్ట పడిందే, అది."

వెలుగు ఆరిపోయింది. "నేను చెయ్యి పెట్టనిది" అంది.

అతను కిటికీ పలకను రెండు చేతులా పట్టుకున్నాడు. దారంతా కూడబలుక్కుంటూ వచ్చిన మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "నీ గుడ్లలా చూసుకోమని చెప్పింది నేనేగా అక్కా. తిప్పొద్దని చెప్పాల్సింది కూడా నేనే. ఆ రోజు సారు గదిలో నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఇప్పుడే వెళ్లి చెబుతాను."

"ఏమండీ, టికెట్ తీసుకుంటారా, పక్కకు జరుగుతారా?" అన్నాడు వెనకనున్న ఆయన.

"ఆగండి బాబూ, మా తమ్ముడు" అంది అక్క. తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వు చెప్పిన మాట విని తిప్పలేదురా. నాకూ అనుమానం వచ్చింది. పాకే వాటి గుడ్లు కదా, ఏమైనా తేడా ఉంటుందేమో, ఫోన్ చేసి అడుగుదాం అనుకున్నాను. పెట్టె తీసి చూస్తే పైనంతా ఇంటూలు. నేను నీకు చిన్నప్పుడు నేర్పిన ఇంటూలు. ఇంక అడిగేదేముంది, తిప్పమనే పెట్టావనుకున్నా." టికెట్ల కట్టను పక్కకు నెట్టింది. "మా తమ్ముడు నా దగ్గర నేర్చుకుంది ఇంకా మరిచిపోలేదని ఎంత మురిసిపోయానో తెలుసా!"

ఏనుగుల కాపరికీ, పెళ్లానికీ, పెద్దసారుకూ ఇన్నేళ్లుగా అతను దాచుకున్న మాటలన్నీ ఉన్నాయి గానీ, అక్కకు ఇవ్వడానికి ఒక్కటీ దొరకలేదు.

మధ్యాహ్నం కిటికీ మూశాక అక్క వచ్చింది. అతను అడగలేదు, తనంతట తానే వచ్చింది. తలుపు దగ్గర చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని పెట్టె ముందు నిలబడింది. పిల్ల కొమ్మ చివర నుంచి నాలుక చాచి ఆవిడ వైపు గాలిని రుచి చూసింది.

"ఆ గాలి నా గురించి చెబుతోందా దానికి?" అంది అక్క, నవ్వబోయి.

"ఒకసారి పట్టుకో అక్కా."

"వద్దు."

"ఏం కాదక్కా, పట్టుకో."

"వద్దన్నానా! నువ్వు పట్టుకో, నేను చూస్తాను."

చేతులు వెనకే ఉన్నాయి. ఎన్ని గుడ్లకు ఊపిరి పోసిన చేతులు. అతను ఇంకోసారి అడగలేకపోయాడు. కుట్లు పడ్డ చేతిని లోపల పెట్టి, పిల్లను మెల్లగా కొమ్మ మీద నుంచి తీసుకున్నాడు. పుట్టిన పిల్లకు బొడ్డు మానిందో లేదో చూడాలి, రోజువారీ పనే. చూడాలంటే వెల్లకిలా తిప్పాలి. వేళ్ల మధ్య పట్టుకుని తిప్పబోయాడు.

"తిప్పకురా!"

అక్క కేక గది దాటి వినబడింది. చేతులు ముందుకొచ్చేశాయి. ఆ కేకకు తనే ఉలిక్కిపడి, మళ్లీ చేతులు వెనక్కి తీసుకుంది. మొహం తెల్లబోయింది.

ఇక ఏం కాదక్కా, పుట్టేసింది కదా, ఇప్పుడు తిప్పినా ఏం కాదు. తెలిసిందే కదా. ఆ మాట చెప్పడం ఎంతసేపు! కానీ అతను చెప్పలేదు. ఇన్నాళ్లకు మొదటిసారి, చెప్పకపోవడమే మంచిదనిపించింది. "తిప్పను అక్కా" అన్నాడు.

పిల్లను ఎలా తీశాడో అలాగే, పొట్ట కిందికి ఉండగానే, కొమ్మ మీద వదిలాడు. అది పైకి పాకి ఆకుల్లోకి వెళ్లిపోయింది. ఆ రోజుకు బొడ్డు చూడలేదు.